ఒకే రేకు మీద నాలుగు రంగులు

“విశ్వశాంతి”, “సౌభ్రాతృత్వం” – ఈ రెండు మాటలూ మన సభల్లో శాలువల వంటివి. ఎవరి భుజం మీద కప్పినా సరిపోతాయి. బొమ్మల ప్రదర్శన ప్రారంభోత్సవమైనా, నాటక సమాజం వార్షికోత్సవమైనా, అధ్యక్షులవారు లేచి కళలకు ఎల్లలు లేవని సెలవిస్తారు. మనం చప్పట్లు కొడతాం. కాఫీలు తాగి ఇళ్ళకు పోతాం. ఎల్లలు లేని ఆ కళ ఏ వూళ్ళో, ఎవరి చేతిలో, ఏ పనిముట్టుతో ఎల్ల దాటిందో మాత్రం అడిగేవారు లేరు, చెప్పేవారూ లేరు. ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి బొమ్మల వూసు ఎందుకంటారేమో! కారణం వుంది. మొన్న ఎం.ఏ. క్లాసులో ప్రబంధ వర్ణనల గురించి చెబుతూ మాటల సందర్భంలో, “కృష్ణారెడ్డి ఎవరో మీలో ఎవరికైనా తెలుసునా?” అని అడిగాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరి బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచి, “ఏ నియోజకవర్గం సార్?” అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం ఆ నవ్వు కాస్త చేదుగా తోచింది. పిల్లల తప్పేమీ లేదు. చెప్పవలసినవాళ్ళు చెబితే గదా వాళ్ళకు తెలిసేది!

నేనడిగిన కృష్ణారెడ్డిగారిది చిత్తూరు ప్రాంతం. నందనూరు అనే పల్లెలో 1925లో పుట్టారు. కుర్రతనంలోనే శాంతినికేతనం వెళ్ళి నందలాల్ బోసు, వినోద్ బిహారీ ముఖర్జీ, రామ్‌కింకర్ బైజ్ వంటి మహానుభావుల దగ్గర చదువుకున్నారు. వచ్చి మద్రాసు కళాక్షేత్రంలో కొంతకాలం బొమ్మలు నేర్పారు. ఆపైన సముద్రం దాటారు. లండనులో హెన్రీ మూర్ దగ్గర, పారిస్‌లో జాడ్‌కిన్ దగ్గర, మిలాన్‌లో మారినో మారిని దగ్గర శిల్పం నేర్చుకున్నారు. ఇంతమంది గురువుల గడపలు తొక్కిన మనిషి చివరికి పారిస్‌లో ఒక అచ్చుల కార్ఖానాలో కాలు నిలిపారు. ఆ కార్ఖానా సంగతి చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

దాని పేరు “అటెలియే 17”. అటెలియే అంటే ఫ్రెంచిలో పనిచేసుకునే చోటు అని అర్థం. 1927లో దాన్ని పెట్టినవాడు స్టాన్లీ విలియం హేటర్ అనే ఇంగ్లీషువాడు. ఆయన చదివింది రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం. ఇరాన్‌లో అబాదాన్ రేవులో నూనె కంపెనీ ఉద్యోగం చేశాడు. అది వదిలేసి పారిస్ చేరి, పోలండ్ నుంచి వచ్చిన జోసెఫ్ హెక్ట్ అనే చిత్రకారుడి దగ్గర రాగిరేకు మీద ఉలితో గీతలు చెక్కడం నేర్చుకున్నాడు. తాను నేర్చుకున్నది నలుగురికీ నేర్పడానికి ఒక గది తెరిచాడు. 1933లో మారిన ఇంటి నంబరు 17. ఆ అంకే కార్ఖానాకు పేరైంది.

ఇక్కడ పని ఎలా జరుగుతుందో కాస్త చెప్పాలి. అది తెలియకపోతే తక్కిన కథ పట్టుబడదు. లోహపు రేకు మీద గీతలు చెక్కుతారు, లేదా ఆమ్లంలో ముంచి కొరికిస్తారు. ఆ గాళ్ళలోకి సిరా ఎక్కించి పైభాగం శుభ్రంగా తుడుస్తారు. దాని మీద తడిపిన కాగితం పరిచి బరువైన ప్రెస్సులో తిప్పితే, గాళ్ళలోని సిరా కాగితానికి పట్టుకుంటుంది. అదే అచ్చుబొమ్మ. నూనెరంగుల చిత్రకారుడు తలుపు గొళ్ళెం పెట్టుకొని ఒంటరిగా పని చేసుకోవచ్చు. అచ్చుబొమ్మలవాడికి ఆ సుఖం లేదు. ప్రెస్సు బరువు ఎక్కువ, ఖరీదూ ఎక్కువ. ఆమ్లపు తొట్టి కావాలి, కాగితాలు తడిపే చోటు కావాలి. అందుచేత పదిమందీ ఒక గదిలో చేరక తప్పదు. మన పల్లెల్లో వూరబావి ఎలాంటిదో వాళ్ళకు ప్రెస్సు అలాంటిది. వంతు కోసం నిలబడ్డప్పుడు పక్కవాడి బిందెలోకి తొంగి చూడకుండా వుంటామా? పికాసో, మీరో, జియాకొమెట్టి వంటివారు పని చేసిన ఆ గదిలోనే, నిన్న రైలు దిగివచ్చిన కుర్రవాడు కూడా పని చేసుకున్నాడు. ఎవరు గొప్ప అన్నది తర్వాతి మాట. ముందు ఎవరి వంతు అన్నదే అసలు మాట.

మన కృష్ణారెడ్డిగారు 1950ల మొదట్లో ఆ గదిలో అడుగుపెట్టారు. ఆ రోజుల్లో రంగుల అచ్చు తీయాలంటే రంగుకొక రేకు చొప్పున చెక్కి, ఒకదాని తర్వాత ఒకటి తూచినట్టు సరిపెట్టి అచ్చువేయాలి. వెంట్రుకవాసి జరిగితే బొమ్మ పాడు. ఆయనా, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ, హేటరూ, తక్కిన మిత్రులూ తలా ఒక చెయ్యి వేసి ఒక కొత్త మార్గం కనిపెట్టారు. రేకు ఒకటే. దాన్ని శిల్పం చెక్కినట్టు మిట్టపల్లాలుగా చెక్కుతారు. గాళ్ళలో ఒక రంగు నింపుతారు. తర్వాత అవిసెనూనె ఎక్కువ కలిపి పలచన చేసిన రంగును గట్టి రోలరుతో దొర్లిస్తే అది మిట్టలకే అంటుతుంది. నూనె తక్కువగా వున్న చిక్కని రంగును మెత్తని రోలరుతో దొర్లిస్తే అది పల్లాల్లోకి దిగుతుంది. దిగేటప్పుడు మిట్టల మీది పలచని రంగు దాన్ని తన మీద పట్టనివ్వదు. దేని చోటు దానిదే. ఆపైన కాగితం వేసి ప్రెస్సులో ఒక్కసారి తిప్పితే చాలు, రంగులన్నీ ఒక్క అచ్చులో వచ్చేస్తాయి.

నాకు ఈ సంగతి తెలిసిననాడు చాలాసేపు వేరే పని తోచలేదు. స్నేహమంటే అందరూ కలిసి ఒకే రంగు అయిపోవాలని మన ఉపన్యాసకులు చెబుతారు. నాలుగు రంగులు కలిపి రుబ్బితే వచ్చేది బురదరంగేనని బడిపిల్లవాడికి కూడా తెలుసు. ఈ రేకు మీద ఏ రంగూ తన గుణం వదులుకోలేదు. పలచనిది పలచనగానే, చిక్కనిది చిక్కగానే వున్నాయి. వాటి తేడా వల్లనే బొమ్మ వచ్చింది. తేడా లేకపోతే ఈ పద్ధతే లేదు.

ఇంతకంటే నన్ను ఆకట్టుకున్నది మరొకటి వుంది. మన దేశంలో పనితనం ఇంటిగుట్టు. అద్దకం రంగు పాళ్ళు కొడుక్కి చెబుతారు గాని అల్లుడికి చెప్పరు. కృష్ణారెడ్డిగారు అలా చేయలేదు. 1960ల నడుమ నుంచి హేటరుతో పాటు ఆ కార్ఖానాను నడిపిస్తూ, వచ్చినవాడికల్లా ఈ విద్య చేతికి అందించారు. అలీగఢ్‌లో పుట్టి తర్వాత పేరు పొందిన జరీనా హష్మీ ఆ రోజుల్లో అక్కడ నేర్చుకున్నదే. 1976 ప్రాంతంలో ఆయన న్యూయార్కు విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడా అంతే. దేశదేశాల కళాశాలలకు తిరిగి చేతులు పట్టి నేర్పారు. 1988లో ఈ పద్ధతినంతా ఒక గ్రంథంగా రాసి అచ్చువేశారు. గుట్టు పుస్తకమైపోయాక ఇక గుట్టేముంది? ప్రభుత్వం 1972లో పద్మశ్రీ ఇచ్చింది. 2018 ఆగస్టులో న్యూయార్కులో కన్నుమూశారు. ఆయన వాడిన ప్రెస్సు కంటె ఆయన ఇచ్చేసిన విద్య ఎక్కువ దూరం పోయింది.

నేను వుండేది కాచిగూడలో. కాచిగూడలో లోకల్ రైలెక్కితే విద్యానగర్, జామై ఉస్మానియా, ఆ తర్వాత ఆర్ట్స్ కాలేజీ. ఆ కాస్త ప్రయాణంలో నాకు తోడు వచ్చే రాజనీతిశాస్త్రం లెక్చరరు ఒకాయన వున్నారు. ఈ కథంతా ఆయనకు చెప్పాను. ఆయన శాంతంగా విని, “బాగానే వుంది మాస్టారూ. ఇంతకూ బొమ్మలు వేసుకుంటే యుద్ధాలు ఆగాయా?” అని అడిగారు. నేను జవాబు వెతుక్కునేలోగా స్టేషను వచ్చేసింది.

ఆగలేదు. ఆ మాట దాచి ప్రయోజనం లేదు. 1911లో జర్మనీలోని మ్యూనిక్‌లో కాండిన్‌స్కీ అనే రష్యావాడూ, ఫ్రాంజ్ మార్క్ అనే జర్మనీవాడూ కలిసి “నీలి రౌతు” అనే కళాకారుల కూటమి పెట్టారు. ప్రాణస్నేహితులు. మూడేళ్ళకు మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. రష్యావాడు కాబట్టి కాండిన్‌స్కీ జర్మనీ విడిచిపోవలసి వచ్చింది. మార్క్ స్వచ్ఛందంగా జర్మనీ సైన్యంలో చేరి 1916లో వెర్డన్ యుద్ధంలో చనిపోయాడు. గుర్రాలను నీలిరంగులో అంత ప్రేమగా చిత్రించిన చెయ్యి అది. స్నేహం వాళ్ళిద్దరినీ కాపాడలేకపోయింది.

మరొకటి చూడండి. స్పెయిన్‌లో అంతర్యుద్ధం సాగుతుండగా అటెలియే 17 కళాకారులు బాధితుల సహాయం కోసం 1938లో ఒకటి, 1939లో ఒకటి అచ్చుబొమ్మల సంపుటాలు తీశారు. రెండోదాని పేరు అచ్చంగా “సౌభ్రాతృత్వం” అని అర్థమిచ్చే మాటే. అందులో మీరో బొమ్మ వుంది, హేటర్ బొమ్మ వుంది, పాతికేళ్ళ క్రితం స్నేహితుణ్ణి పోగొట్టుకున్న ఆ కాండిన్‌స్కీ బొమ్మా వుంది. అయినా అదే 1939లో స్పెయిన్ రిపబ్లిక్ కూలిపోయింది. ఆ ఏడే రెండో ప్రపంచయుద్ధం మొదలయింది. 1940లో పారిస్ జర్మన్ల చేత చిక్కింది. హేటర్ అమెరికా చేరి, న్యూయార్కులో బల్లలు వేసి, అదే పేరుతో అదే పని మొదలుపెట్టాడు. 1950లో మళ్ళీ పారిస్ వచ్చాడు. ఆ తిరిగి వచ్చిన గదిలోనే మన చిత్తూరు పిల్లవాడికి చోటు దొరికింది.

రాజనీతి మాస్టారికి నేను చెప్పదలచుకున్న జవాబు ఇక్కడ వుంది. కాండిన్‌స్కీ సంగతే తీసుకోండి. ఒక కూటమి రక్తంలో మునగడం చూసినవాడు, ఇక ఎవరితోనూ కలవనని కూర్చోలేదు. ముసలితనంలో మళ్ళీ ఒక వుమ్మడి బల్ల దగ్గరకు వచ్చి, పరదేశపు పిల్లల కోసం బొమ్మ గీసి ఇచ్చాడు. యుద్ధాన్ని ఆపే బలం కళాకారుడికి లేదు. యుద్ధం అయిపోయాక మనుషులు మళ్ళీ వచ్చి కూర్చోవడానికి ఒక గది, ఒక బల్ల మిగిల్చివుంచే బలం వుంది. అది చిన్న బలమే. ఆ చిన్న బలం లేని చోట, ఒప్పందాల మీద సంతకాలైన తర్వాత కూడా మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు.

గదే కానక్కరలేదు, రాతిగని అయినా చాలు. ఆస్ట్రియాలో, హంగరీ సరిహద్దు పక్కన, సెయింట్ మార్గరెటెన్ అని ఒక వూరుంది. అక్కడ రోమనుల కాలం నుంచీ రాయి తీస్తున్న గని వుంది. కార్ల్ ప్రాంటల్ అనే శిల్పి 1958లో ఒక సరిహద్దు రాయి చెక్కుతూ ఆ గనిలో ఆరుబయట పని చేశాడు. ఇంత చోటు వుండగా ఒక్కణ్ణే ఎందుకు అనిపించింది కాబోలు, 1959 వేసవిలో దేశదేశాల శిల్పుల్ని పిలిచాడు. అందరూ అక్కడే వుండి, అక్కడి రాయితో, అక్కడే ఆకాశం కింద పని చేశారు. దానికి “సింపోజియం” అని పేరు పెట్టారు. గ్రీకులో ఆ మాటకు కలిసి పానం చేయడమని అర్థం. మనం దాన్ని “గోష్ఠి” అంటాం. గోష్ఠమంటే ఆవుల దొడ్డి. వాళ్ళ మాట పానశాలలోంచి వస్తే మన మాట పశువుల కొట్టంలోంచి వచ్చింది. నలుగురూ ఒకచోట చేరడమన్నదే రెండింటికీ మూలం.

ఆ రోజుల్లో ఆ సరిహద్దు మామూలు సరిహద్దు కాదు. ఇటు పడమటి ఐరోపా, అటు కమ్యూనిస్టు ఐరోపా, నడుమ ముళ్ళకంచె. 1956లో హంగరీ తిరుగుబాటును అణచివేసినప్పుడు వేలాది జనం ఆ ప్రాంతం మీదుగానే ఆస్ట్రియాలోకి పారిపోయి వచ్చారు. అటువంటి చోట శిల్పులు ఉలీ సుత్తీ పట్టుకొని కూర్చున్నారు. 1962లో మన కృష్ణారెడ్డిగారు కూడా ఆ గనికి వెళ్ళి రాయి చెక్కారు. 1964లో కెనడాలోని మాంట్రియల్‌లో కొండ మీద ఇలాంటి గోష్ఠే జరిగితే అక్కడికీ వెళ్ళారు. బెర్లిన్ నగరానికి అడ్డంగా గోడ లేచిన 1961లో ప్రాంటలూ మిత్రులూ ఆ గోడ దాపునే మరో గోష్ఠి మొదలుపెట్టారు.

చరిత్ర చిత్రమైనది. 1989 ఆగస్టు 19న ఆ సెయింట్ మార్గరెటెన్ సరిహద్దులోనే, హంగరీవైపు షోప్రోన్ పట్నం దగ్గర, వనభోజనాల పేరుతో కాసేపు గేటు తెరిచారు. ఆ కాసేపట్లో ఆరువందల మందికి పైగా తూర్పు జర్మన్లు ఇవతలికి వచ్చేశారు. ఆ నవంబరులో బెర్లిన్ గోడ తెరుచుకుంది. శిల్పుల ఉలి దెబ్బలకే గేటు తెరుచుకుందని నేనంటే మీరు నవ్వుతారు. నవ్వాలి కూడా. దాని వెనక రాజకీయ కారణాలు వేరే వున్నాయి. అయితే కంచె వున్న ముప్పయ్యేళ్ళూ ఆ కంచె పక్కన, పరదేశిని పిలిచి భోజనం పెట్టి పని చేసుకోనిచ్చిన చోటు ఒకటి వుందన్నది మాత్రం నిజం.

“ఇవన్నీ పారిస్ మాటలు, ఆస్ట్రియా మాటలు, మనకేమిటి?” అంటారా? మన తుమ్మపూడి మాట చెబుతాను. గుంటూరు సీమలో దుగ్గిరాల దగ్గర పల్లె అది. అక్కడ సంజీవదేవ్‌గారని రసజ్ఞులొకరు వుండేవారు. 1999లో కాలం చేశారు. ఆయన స్వయంగా బొమ్మలు వేసేవారు, కళల మీద వ్యాసాలు రాసేవారు. వయసులో హిమాలయాలకు పోయి, కులూ లోయలోని నగ్గర్‌లో నికొలస్ రోరిక్ అనే రష్యన్ చిత్రకారుడి ఇంట కొంతకాలం గడిపారు. యుద్ధం వచ్చినా చిత్రశాలలనూ, గుళ్ళనూ, గ్రంథాలయాలనూ ఎవరూ ముట్టకూడదని దేశాల చేత ఒప్పందం చేయించిన రోరిక్ ఆయనే. 1935 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లో అమెరికా ఖండాల దేశాలు 21 ఆ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. సంజీవదేవ్‌గారు అక్కడి నుంచి తిరిగివచ్చి తుమ్మపూడిలోనే వుండిపోయారు. అయితే ఆ పల్లె పోస్టాఫీసు ద్వారా ఆయన ఉత్తరాలు ఎక్కడెక్కడికో వెళ్ళేవి, ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి. రోరిక్ చేసిన పనికి ప్రభుత్వాలు కావాలి. సంజీవదేవ్‌గారు చేసిన పనికి పోస్టు బిళ్ళ చాలు.

ఇంకా వెనక్కి పోతే రాజమహేంద్రవరం వుంది. బ్రిటిషు ప్రభుత్వం మీద జనం కోపంగా వున్న రోజుల్లో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన అక్కడి కళాశాలకు ప్రిన్సిపాలుగా వుండేవాడు. ఆయన చేరదీసిన తెలుగు పిల్లల్లో దామెర్ల రామారావు, అడివి బాపిరాజు వున్నారు. రామారావును బొంబాయి కళాశాలకు పంపి చదివించడంలో ఆయన చేయూత వుంది. రామారావు తిరిగివచ్చి 1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి, తాను నేర్చినది వూరి పిల్లలకు నేర్పాడు. 1925లో, నిండా ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయాడు. పాలించే జాతివాడొకడు, పాలింపబడే జాతివాడొకడు. ఇద్దరి నడుమా వున్నది ఒక కుంచె. ఆ కుంచె స్వరాజ్యం తేలేదు. అయినా ఆంధ్ర చిత్రకళకు ఒక ఇల్లు మాత్రం కట్టిపెట్టింది.

ఇప్పుడు మన వాకిట్లోకి వద్దాం. విశ్వవిద్యాలయంలోని ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని మీరు చూసే వుంటారు. 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. ఐరోపాలో రెండో యుద్ధం మొదలై అప్పటికి మూడు నెలలు. ఆ భవనానికి నమూనా గీయడంలో ముఖ్యుడు ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం దేశీయుడు. అంతకుముందు ఈజిప్టులో కట్టడాలు కట్టిన అనుభవం ఆయనది. ఆ గుమ్మం ముందు నిలబడి పైకి చూస్తే ఒకచోట అరబ్బుల కమాను కనిపిస్తుంది, మరొకచోట మన గుళ్ళ స్తంభం కనిపిస్తుంది. రాయి మాత్రం మన దక్కను రాయి. చెక్కిన చేతుల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. రోజూ వేలమంది ఆ మెట్లెక్కుతారు, ఫొటోలు తీయించుకుంటారు. ఇన్ని దేశాల చేతులు కలిస్తే ఆ గుమ్మం నిలబడిందన్న ఆలోచన ఎంతమందికి వస్తుందో!

ఆ మెట్లు దిగి తార్నాక వైపు నడిస్తే మరో దృశ్యం. ఆఫ్రికా నుంచి, అరబ్బు దేశాల నుంచి, అఫ్ఘనిస్తాన్ నుంచి చదువు కోసం వచ్చిన పిల్లలు చాయ్ దుకాణాల దగ్గరా బస్‌స్టాపుల్లోనూ కనిపిస్తూనే వుంటారు. వాళ్ళ గుంపు వాళ్ళది, మన పిల్లల గుంపు మనది. ఏడాదికొకసారి సాంస్కృతిక కార్యక్రమం పెడతాం. వాళ్ళు వాళ్ళ దుస్తుల్లో వచ్చి ఆడతారు, మనవాళ్ళు కూచిపూడి ఆడతారు. కలిసి భోంచేస్తారు. మర్నాటి నుంచి మళ్ళీ ఎవరి గుంపు వారిదే. వేదిక మీద ఒకరిని ఒకరు చూశారే గాని, ఒకరి చేతి పని మరొకరు పట్టుకోలేదు గదా!

పట్టుకుంటే ఏమవుతుందో మా బంధువుల ఇంట చూశాను. తార్నాకలో ఒక సందులో మా పిన్నిగారు వుంటున్నారు. మేడ మీది గదిని టాంజానియా నుంచి వచ్చిన ఒక అమ్మాయికి అద్దెకిచ్చారు. ఆరు నెలల పాటు వాళ్ళ మధ్య నడిచిన మాటలు రెండే: అద్దె, నీళ్ళు. ధనుర్మాసంలో ఒకరోజు తెల్లవారుజామున పిన్నిగారు వాకిట చుక్కలు పెట్టి ముగ్గు వేస్తుంటే ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుని చూస్తున్నదట. “వేస్తావా?” అని పిన్నిగారు డబ్బా చాపారు. ఆ అమ్మాయి పిడికెడు పిండి తీసుకుంది. పిండి ధారగా పడలేదు, కుప్పగా పడింది. పిన్నిగారు పక్కన గొంతుకూర్చుని, బొటనవేలు ఎక్కడ పెట్టాలో, చూపుడువేలు ఎలా వదలాలో ఆ చెయ్యి పట్టుకొని చూపించారు. సంక్రాంతికి నేను వెళ్ళేసరికి ఇద్దరూ వాకిట్లో ఎదురెదురుగా కూర్చుని వున్నారు. “వీళ్ళమ్మ ఈతాకుతో చాపలు అల్లుతుందటరా! రంగురంగుల అంచులట! మా అమ్మమ్మ అల్లేది, గుర్తుందా?” అన్నారు పిన్నిగారు. ఈతాకు మాట వాళ్ళిద్దరికీ ఏ భాషలో కుదిరిందో నాకు తెలియదు. పిన్నిగారికి ఇంగ్లీషు రాదు. ఆ అమ్మాయికి తెలుగు అప్పుడే రెండు మూడు మాటలు. వేళ్ళతో అల్లి చూపించి వుంటుంది.

పారిస్ కార్ఖానాలో జరిగినదానికీ, తార్నాక వాకిట్లో జరిగినదానికీ పరిమాణంలో తేడా వుంది గాని జాతిలో తేడా లేదు. రెండుచోట్లా ఒకరు తమ విద్యను దాచుకోకుండా చేతిలో పెట్టారు. ఎదుటివాడు తన వంతు వచ్చినప్పుడు తన విద్య తీసి చూపాడు. “మా సంస్కృతి గొప్పది” అని ఎవరూ అనవలసిన అవసరం రాలేదు.

కనుక నాకొక చిన్న కోరిక వుంది. మన విశ్వవిద్యాలయ ఆవరణలో ఒక్క గది. దానికి శంకుస్థాపనలూ శిలాఫలకాలూ అక్కరలేదు. ఒక పొడుగు బల్ల, నాలుగు ఉలులు, కొంత సిరా, వీలైతే చేతితో తిప్పే ప్రెస్సు ఒకటి. వారానికొక సాయంత్రం అక్కడికి ఏ శాఖవాడైనా, ఏ దేశంవాడైనా రావచ్చు. ఒకే నియమం: వట్టి చేతులతో కూర్చుని చూడకూడదు. ఏదో ఒకటి నేర్పాలి, ఏదో ఒకటి నేర్చుకోవాలి. చేర్యాల పటం గీసే తెలుగు పిల్లవాడి పక్కన అరబ్బీ అక్షరాలు అందంగా రాసే పిల్లవాడు కూర్చుంటాడు. నాకు కుంచె పట్టడం రాదు. అయినా ఆ బల్ల కొసన నాకూ పని వుంది. వాళ్ళ జోలపాటల అర్థం అడిగి తెలుగులో పెట్టడం, మన జోలపాటల అర్థం వాళ్ళకు విప్పడం నా చేతనవుతుంది. లెక్చరర్లం నలుగురం తలచుకుంటే గది అడగడం అంత కష్టమేమీ కాదు. ఈ నెలలోనే ఒక అర్జీ రాసి పెడుతున్నాను. సంతకం చేయమని రాజనీతి మాస్టారినే మొదట అడగాలని వుంది.

ఈలోగా మీరు గది కోసం ఆగనక్కరలేదు. మీ వీధిలో పరాయి దేశంవారో, పరాయి రాష్ట్రంవారో అద్దెకు వుండే వుంటారు. మీ ఇంట్లో కుట్టో, అల్లికో, ముగ్గో, మద్దెల దరువో ఏదో ఒక చేతివిద్య వుండే వుంటుంది. ఈ ఆదివారం వాళ్ళను కాఫీకి పిలవకండి. కాఫీ పది నిమిషాల్లో అయిపోతుంది. పనికి పిలవండి. ఏమైందో నాకు రాయండి. వచ్చిన ఉత్తరాల్లో మంచివి ఏరి ఈ పేజీలోనే చెప్పుకుందాం.